జాడ తీసేవాడూ మాస్టారే

అక్టోబరు మొదటి వారంలో బళ్లలో వన్యప్రాణి వారోత్సవాలు జరుపుతారు. మేం పనిచేసిన ఒక బడికి అలాంటి వారంలో పట్నం నుంచి ఒక యువకుడు వచ్చాడు. ప్రకృతి విద్యలో ఏదో కోర్సు చేశాడు. సర్టిఫికెట్ ఉంది, మెడలో బైనాక్యులర్ ఉంది. తెరమీద పులిని చూపించాడు, ఏనుగును చూపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తరువాత అందరినీ కాలవ గట్టుకు తీసుకెళ్లాడు. తడి బురదలో ఒక అడుగు కనపడితే ఆగి, "చూడండి, ఇది పిల్లి అడుగు" అన్నాడు.

వెనక నుంచి ఐదో తరగతి పిల్లవాడొకడు, "పిల్లి కాదు సార్, ముంగిస" అన్నాడు. "ఐదు వేళ్లు పడ్డయ్ చూడండి. గోళ్లు గూడా పడ్డయ్. పిల్లికి గోళ్లు పడవు."

పిల్లవాడు చెప్పిందే నిజం. పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది, దాని అడుగులో నాలుగు వేళ్లే కనపడతాయి. ముంగిస అడుగులో ఐదు వేళ్లూ, వాటి ముందు గోళ్లు గుచ్చుకున్న గుర్తులూ ఉంటాయి. ఆ సంగతి వచ్చినాయనకు తెలియకపోవడం పెద్ద తప్పేం కాదు. తప్పు చేసింది మేం. "సార్ చెప్తుంటే మధ్యలో మాట్లాడతావేంట్రా, నోరు మూసుకో" అన్నాం. యానాది ఇంట్లో పుట్టి, డిప్లొమా చదివి, బళ్లో కుర్చీ ఎక్కిన మేమే అన్నాం ఆ మాట.

సాయంత్రం వచ్చినాయనకు శాలువా కప్పి, దారిఖర్చులిచ్చి పంపారు. అదే సాయంత్రం ఆ పిల్లవాడి తాత పక్క పొలంలో ఎలుకలకు బుట్టలు పెడుతున్నాడు. ఆయనకు ఎలుకకింత అని లెక్క. పడ్డ ఎలుకల్ని గట్టుమీద వరసగా పేర్చి చూపిస్తేనే రైతు డబ్బులిస్తాడు. పిల్లవాడికి ముంగిస అడుగు నేర్పింది ఆ తాతే. అందరం కలిసి ఒకర్ని ప్రకృతి విద్యావేత్త అన్నాం, ఇంకొకర్ని ఎలుకలోడు అన్నాం. మా కోపం ఈ రెండు పేర్ల మీద. అందులో సగం కోపం మా మీదే.

ఏజెన్సీలో ఉండే మిత్రులు మమ్మల్ని అడుగుతుంటారు: "మీకు అడవేదీ? జాడ తీయడం చెంచులు మాట్లాడాలి, కోయలు మాట్లాడాలి. డెల్టా యానాదులకు దాంతో ఏం పని?" న్యాయమైన ప్రశ్నే. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో, వేమూరు మండలంలో ఉంటుంది జంపని. 2022 దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. చుట్టూ నల్లరేగడి చేలు, కాలవలు, మురుగు డ్రెయిన్లు. కనుచూపు మేర అడవి లేదు. మాకు వేరే భాష కూడా లేదు, మాట్లాడేది తెలుగే. అడవీ లేక, వేరే భాషా లేక, మేం గిరిజనులమని నమ్మేవాళ్లే తక్కువ. మా విద్యను విద్య అని నమ్మేవాళ్లు ఇంకా తక్కువ.

కానీ నేల ఉన్నచోటల్లా జాడ ఉంటుంది. కోతల ముందు ఎలుకలు పట్టే మనిషి వెంట ఒక్క రోజు నడిచి చూడండి. గట్టుమీద పది కలుగులుంటే పదింటినీ తవ్వడు. పందికొక్కు తన కలుగు నోరు మన్నుతో మూసుకుంటుంది. ఆ మన్ను తడిగా, గుల్లగా ఉంటే లోపల జీవం ఉన్నట్టు. ఎండి పెళుసెక్కితే వదిలి వెళ్లిపోయినట్టు. నోటికి సాలెగూడు పట్టి ఉంటే అటు చూడనే చూడడు. నోటి దగ్గర కొత్త మన్ను లేకుండా అంచులు నున్నగా అరిగి ఉంటే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు, ఎలుకను తిని పాము అందులో కాపురం పెట్టి ఉండొచ్చు. కొరికిన వరి పిలక ఎంత ఎత్తులో తెగింది, ఏ పక్కకు ఏటవాలుగా తెగింది, రెట్ట ఎండిందా పచ్చిగా ఉందా, ఇవన్నీ చూసి రాత్రి ఎన్ని తిరిగాయో, ఎటు నుంచి వచ్చాయో చెబుతాడు. సాయంత్రం కలుగులన్నీ మూసి, పొద్దున ఏవి తెరుచుకున్నాయో లెక్కపెట్టాలని వ్యవసాయ పుస్తకాల్లో రాసి ఉంటుంది. అది పుస్తకం చదవని మనిషికి ఎప్పటి నుంచో తెలిసిన లెక్క.

ఇంకా కిందికి, సముద్రం వైపు పోండి. సూర్యలంక, నిజాంపట్నం తీరాల్లో శీతాకాలం చివర సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఆలివ్ రిడ్లీ అంటారు వాటిని. రాత్రి ఎక్కి, ఇసకలో గుంట తీసి, నూరుకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. పొద్దున్నే ఇసకమీద మిగిలేది రెండు చారలు, ఎక్కినదొకటి, దిగినదొకటి. ఏది ఎక్కిన చారో ఏది దిగిన చారో, మధ్యలో గుడ్లు పెట్టిందా, మనిషి అలికిడికి బెదిరి పెట్టకుండా తిరిగిపోయిందా, ఆ చారల్లోనే ఉంటుంది. నక్కలూ కుక్కలూ రాకముందే ఆ గుంట కనిపెడితేనే గుడ్లు పొదిగే కేంద్రానికి చేరతాయి. మడ అడవిలో బావురుపిల్లి అడుగు, నీటికుక్క రెట్టలో చేప పొలుసులు, పీత బొక్క లోతు, ఇవన్నీ ఇలాంటి చదువే. ఇప్పుడా మడ నీళ్లలో పుట్టి పెరిగిన మనవాళ్లలో ఎంతోమంది రొయ్యల చెరువుల మీద కాపలా కాస్తున్నారు. తీరం గురించి తెలిసినవాడికి దొరికిన ఉద్యోగం అది.

ఇంత చదువున్నవాడిని ఈ దేశం ఏమని పిలిచింది? వేలిముద్రగాడు అంది. ఆ మాట వెనక ఒక చరిత్ర ఉంది. తెల్లవాళ్ల కాలంలో నేరస్థ తెగల చట్టం కింద మనలాంటి తెగలవాళ్ల వేలిముద్రలు పోలీసుస్టేషన్లలో తీసుకునేవాళ్లు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల అన్నదమ్ముల్ని సెటిల్మెంటు పెట్టి కాపలా కాసింది ఆ చట్టమే. 1952లో చట్టం పోయింది. మన ముద్రలు దాచుకున్న సర్కారు, నేలమీద ముద్రలు చదివే మన విద్యను మాత్రం ఏ రిజిస్టరులోనూ రాయలేదు.

రాయకపోతే ఏం జరుగుతుందో కలివికోడి కథ చెబుతుంది. 1900 తరువాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న పిట్ట అది. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర మళ్లీ దొరికింది. ప్రపంచంలో పిట్టల గురించి తెలిసినవాళ్లందరూ ఉలిక్కిపడ్డారు. రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టి తెచ్చింది ఆ ఊరి వేటగాడు. శాస్త్రవేత్తలు వెతికారు, కష్టపడ్డారు, వాళ్లను తక్కువ చెయ్యం. కానీ బళ్లో పాఠం చెప్పేటప్పుడు ఎవరి పేరు చెబుతున్నాం? సంస్థ పేరు చెబుతాం, శాస్త్రవేత్త పేరు చెబుతాం, ఆ తరువాత "స్థానికుల సాయంతో" అని ఒక్క మాట అంటాం. ఆ "స్థానికుల సాయం" అనే మాట కింద పూడ్చిపెట్టిన మనుషులు ఎంతమందో! నల్లమల పులుల అభయారణ్యంలో పులి అడుగు వెంట నడిచే చెంచు కూడా ఆ మాట కిందే ఉన్నాడు. కాగితం మీద ఆయన వాచరు. జీతం రోజుకూలి లెక్క. ఆయన చూపించిన అడుగును కొలిచి రాసుకున్నవారు నిపుణులు.

దీన్ని మార్చవచ్చని మన పొరుగున ఇరులవాళ్లు రుజువు చేశారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చి, పాముతోళ్ల వ్యాపారం ఆగిపోయాక తమిళనాడులో పాములు పట్టి బతికే ఇరుల కుటుంబాలు రోడ్డున పడ్డాయి. 1978లో మద్రాసు దగ్గర వాళ్ల సహకార సంఘం మొదలైంది. పామును అనుమతితో పట్టడం, విషం తీయడం, గుర్తుపెట్టి మళ్లీ అడవిలో వదలడం వాళ్ల పని. పాముకాటు మందు తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం ఈ దేశానికి వాళ్ల చేతుల మీదుగానే వచ్చింది. ఆ సంఘం మనుషులు వడివేల్ గోపాల్, మాసి సదైయన్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లి, అక్కడివాళ్లు వెతకలేక అవస్థపడుతున్న కొండచిలువల్ని కొద్ది వారాల్లో రెండు డజన్లకు పైగా పట్టిచ్చారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఆ బిరుదు కన్నా మాకు ముఖ్యమైంది సంఘం. మెడలో దండ పడటానికి నలభై ఏళ్ల ముందే వాళ్ల విద్య వాళ్ల చేతిలో, వాళ్ల సభ్యత్వంతో ఉంది.

ఇంకో దారి దక్షిణాఫ్రికాలో ఉంది. అక్కడ 1994 నుంచి జాడ తీసేవాళ్లకు పరీక్ష పెడుతున్నారు. కలహారి ఎడారి వేటగాళ్ల దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్న లూయీ లీబెన్‌బర్గ్ దానికి పూనుకున్నాడు. పరీక్ష నేలమీదే జరుగుతుంది. పరీక్షకుడు కర్రతో ఒక గుర్తు చుట్టూ గీత గీస్తాడు. ఇది ఎవరిది? ఏ కాలు? ఏం చేస్తూ వెళ్లింది? జవాబు నోటితో చెప్పాలి. తప్పయితే ఎందుకు తప్పో అక్కడే వాదించుకుంటారు. మార్కులు వేస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు. చదవడం రాయడం రాకపోయినా ఫరవాలేదు. రాయడం రానివాళ్లు కూడా చూసినదాన్ని నమోదు చేసేందుకు బొమ్మలు నొక్కే యంత్రాన్ని కూడా ఆయనే తయారు చేయించాడు.

ఇక మన దగ్గర చూడండి. ఫారెస్టు బీట్ ఆఫీసరు ఉద్యోగానికి ఇంటర్మీడియట్ పాసవ్వాలి. రాతపరీక్ష ఉంటుంది. నడక పరీక్ష కూడా ఉంటుంది, మగవాళ్లు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. ఎంత వేగంగా నడిచాడో గడియారం పెట్టి చూస్తారు. నడిచేటప్పుడు కిందికి చూశాడా, చూస్తే ఏం కనిపించింది అని అడిగేవాడు లేడు. అడవిని కాపాడే ఉద్యోగానికి అడవిని చదవడం అర్హత కాకుండా పోయింది. ఇంటర్ వద్దని మేం అనడం లేదు. నడక పరీక్ష పక్కన జాడ పరీక్ష కూడా పెట్టండి, అందరికీ పెట్టండి అంటున్నాం. మన పిల్లలు అందులో వెనకబడరు.

ఈ మాట అనగానే మూడు వైపుల నుంచి మామీద విరుచుకుపడతారు.

మొదటివాళ్లు మన చదువుకున్న మిత్రులే. "తాతలు ఎలుకలు పట్టారు, మనవలు కూడా పట్టాలా? డాక్టర్లూ కలెక్టర్లూ కావద్దా?" అంటారు. వాళ్ల బాధ మాకు తెలుసు. కుండలో గడ్డి పొగబెట్టి కలుగులోకి ఊది ఊది కళ్లూ ఊపిరితిత్తులూ పాడైన పెద్దవాళ్లు మా ఇళ్లలోనూ ఉన్నారు. పంటకాలంలో పిల్లల్ని బడి మానిపించి పొలాల వెంట తిప్పుకోవడం ఈనాటికీ ఉంది, దాన్ని మేం ఒప్పుకోం. పిల్లవాడు బళ్లోనే ఉండాలి, డిగ్రీ దాకా చదవాలి. అయితే తాత విద్య తెలిసినవాడు జంతుశాస్త్రం చదివితే ఏం నష్టం? నేల తెలిసినవాడు రేంజరైతే ఏం నష్టం? పని కుల వృత్తిగా ఉన్నంతకాలం అది గొలుసే. దానికి పాఠం, పరీక్ష, జీతం ఉంటే ఎవరైనా ఎంచుకోవచ్చు, ఎవరైనా వదులుకోవచ్చు.

రెండోవాళ్లు మనల్ని మెచ్చుకునేవాళ్లు. "ఆహా, అడవి బిడ్డలు, ప్రకృతి ఒడిలో పుట్టినవాళ్లు" అంటారు. ఈ మెచ్చుకోలుకు మోసపోవద్దు. పుట్టుకతో వచ్చిందంటే నేర్చుకున్నది కాదని అర్థం. నేర్చుకున్నది కాకపోతే నేర్పినవాడికి డబ్బివ్వక్కర్లేదు. మన తాత అడుగు చదవడం నలభై ఏళ్లు బురదలో నిలబడి, తప్పులు చేసి, పాముకాటు తప్పించుకుని నేర్చుకున్నాడు. దాన్ని రక్తంలో ఉందనడం ఆయన కష్టాన్ని దొంగిలించడమే. రేపు రిసార్టులవాళ్లు తలపాగా చుట్టించి, పర్యాటకుల ముందు నడిపించి, టిప్పు ఇచ్చి పంపుతారు. అది ఉద్యోగం అనుకుంటే మళ్లీ మోసపోతాం.

మూడోవాళ్లు మన పెద్దల మాటకు ఎదురే లేదనేవాళ్లు. తాత చెప్పాడు గనక నిజమే అనడం కూడా విద్య కాదు. పాము పగబడుతుందని మనవాళ్లూ చెప్పారు. కాటుకు పసరు పోసి, మంత్రం వేసి ప్రాణాలు పోగొట్టుకున్న ఇళ్లు మనలోనూ ఉన్నాయి. తాబేలు గుడ్లు మనవాళ్లూ తిన్నారు. ఏది పరీక్షకు నిలుస్తుందో దాన్ని నేర్పాలి, నిలవనిదాన్ని మనమే వదలాలి. అడుగు ముంగిసదా పిల్లిదా అనేది వేళ్లు లెక్కపెడితే తేలుతుంది. తాత చెప్పినా, సర్టిఫికెట్ ఉన్నాయన చెప్పినా లెక్క ఒకటే.

ఇదంతా గౌరవం కోసం పోట్లాట మాత్రమే అనుకోవద్దు, ఇందులో ప్రాణాలున్నాయి. 2000 నుంచి 2019 వరకు మనదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షలమంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏటా సగటున 58 వేలమంది. అందులో సగం వానాకాలం నెలల్లోనే. చనిపోయేది ఎక్కువగా పల్లెటూళ్లలో, పొలం పనుల్లో ఉండేవాళ్లు. రేపల్లెకు కృష్ణ అవతలి ఒడ్డున ఉన్న దివిసీమలో 2018లో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగాయి. అప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం చేశారు. ఎవరి నమ్మకం వారిది. కానీ గట్లమీద పాములు ఎందుకు పెరిగాయో, ఏ కలుగులో ఏముందో తెలిసిన యానాదులు ఆ దివిసీమలోనూ ఉన్నారు. యాగానికి పిలిచినట్టు వాళ్లనూ పిలిచి, ప్రతి బళ్లో ఒక గంట మాట్లాడించి ఉంటే?

ఆ గంటలో ఏం చెబుతారు? రాత్రి గట్టుమీద దీపం లేకుండా నడవొద్దని, మోపు ఎత్తేముందు కర్రతో కదపమని చెబుతారు. రక్తపింజర కదలకుండా పడి ఉంటుందని, తొక్కితే కాటేస్తుందని చెబుతారు. కట్లపాము రాత్రి ఇళ్లలోకి వస్తుందని, నేలమీద పడుకున్నవాళ్లను కరిస్తే నొప్పి కూడా తెలియదని, మంచమో దోమతెరో ప్రాణం కాపాడుతుందని చెబుతారు. జెర్రిపోతును చంపితే ఎలుకలు పెరుగుతాయని, ఎలుకలు పెరిగితే నాగుపాము వస్తుందని చెబుతారు. కరిస్తే కాలు కదపకుండా నేరుగా ఆసుపత్రికి, వేరే ఎక్కడికీ వద్దు అని యానాది పెద్దమనిషి నోటితో చెబితే ఊరు వింటుంది. మంత్రం కోసం ఊరు ఇన్నాళ్లూ పరుగెత్తింది ఆయన దగ్గరికే కాబట్టి.

ఇందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు సంచీ లేని 10 రోజులు ఉన్నాయి. స్థానిక వృత్తి నిపుణుల దగ్గర నేర్చుకోవాలని రాశారు. ఉదాహరణకు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు అన్నారు. స్థానిక విద్య తెలిసినవాళ్లను బోధకులుగా నియమించుకోవచ్చని కూడా అదే కాగితంలో ఉంది. ఆ జాబితాలో జాడ తీసేవాడి పేరు లేదు. రాయాల్సింది మనమే. అంటే ఈ పుస్తకం చదువుతున్న మాస్టార్లే.

కాబట్టి మాస్టార్లకు మా మాట: ఆ 10 రోజుల్లో కనీసం రెండు రోజులు మీ ఊరి జాడగాడికి ఇవ్వండి. గట్టుమీద పాఠం చెప్పించండి. బయటినుంచి వచ్చే నిపుణుడికి ఎంత ఇస్తారో ఆయనకూ అంతే ఇవ్వండి, ఆయన చేతికే ఇవ్వండి. హాజరు పుస్తకంలో ఆయన పేరు బోధకుడు అని రాయండి. ఆయన చెప్పిన పేర్లు, గుర్తులు పిల్లలచేత బొమ్మలు గీయించి ఒక పుస్తకం కట్టండి. అట్టమీద ఆయన పేరు వేయండి. "స్థానికుల సాయంతో" అని రాయొద్దు.

యువతకు మా మాట: ఒక నోటుపుస్తకం, ఒక కొలబద్ద, ఒక ఏడాది. రోజూ పొద్దున్నే ఒకే గట్టుమీద నడవండి. కనపడ్డ ప్రతి అడుగూ కొలిచి, గీసి, తారీఖు వేయండి. తెలియంది ఇంటి పెద్దను అడగండి. ఆయన చెప్పింది పుస్తకంతో పోల్చండి. తేడా వస్తే రెండూ రాయండి. ఏడాది తిరిగేసరికి మీ దగ్గరున్నది ఏ కోర్సులోనూ దొరకదు. ఆ తరువాత కోర్సూ చేయండి, డిగ్రీ చదవండి, బీట్ ఆఫీసరు పరీక్ష రాయండి, గైడు పనికి వెళ్లేటప్పుడు జీతం కాగితం మీద రాయించుకోండి. ఒంటరిగా వద్దు, ఇరులవాళ్లలా సంఘం కట్టండి. ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. సెల్‌ఫోన్ వీడియో కోసం పాము తోక పట్టుకోవద్దు. అనుమతి లేకుండా పట్టడం నేరం. పైగా దాంతో మీరు నేర్పేది ధైర్యం కాదు, చావు.

ఆ ఐదో తరగతి పిల్లవాడు ఆ రోజు తరువాత మా ముందు అడుగుల గురించి మళ్లీ మాట్లాడలేదు. ఎన్నిసార్లు గట్టుమీదకు తీసుకెళ్లినా, "తెలీదు సార్" అనేవాడు. తెలుసని మాకు తెలుసు. ఒక్కమాటతో మేం మూయించిన నోరు అది. అలాంటి నోళ్లు మీ బళ్లలో ఎన్ని ఉన్నాయో చూసుకోండి.

వచ్చే అక్టోబరులో వన్యప్రాణి వారోత్సవాలు మళ్లీ వస్తాయి. పట్నం నుంచి వచ్చే అతిథిని పిలవండి, తప్పులేదు. ఆయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయండి. బుట్టలు దించి, కాళ్లు కడుక్కుని వచ్చే తాతను అందులో కూర్చోబెట్టండి. పిల్లలచేత ఆయన్ను మాస్టారూ అని పిలిపించండి. శాలువా సంగతి తరువాత చూసుకుందాం.